దార్ ఎస్ సలామ్‌లో చిన్నపిల్లలతో కాపురం: తొమ్మిదేళ్ళు ఉన్నదాన్ని చెబుతున్నాను

మీరు రాసింది చదువుతుంటే మా మొదటి నెల కళ్ళ ముందు మెదిలింది. మీవారికి టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆరేళ్ళ పాప, రెండేళ్ళ బాబు. మలేరియా అంటే భయంగా ఉంది, పిల్లల తిండి ఎలా అని దిగులుగా ఉంది, ఆయన ఆఫీసుకు వెళ్ళాక పగలంతా ఒక్కదాన్నే ఎలా గడపాలో తెలియడం లేదు అన్నారు. తెలిసినవాళ్ళను అడిగితే ఒకరు స్వర్గం అన్నారని, ఇంకొకరు పిల్లల్ని తీసుకెళ్ళొద్దన్నారని, దాంతో టెన్షన్ ఇంకా పెరిగిందని కూడా రాశారు. నేను అక్కడ తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. మా పాప ఐదేళ్ళప్పుడు వెళ్ళింది, బాబుకు అప్పటికి ఏడాది నిండింది. ఇద్దరూ అక్కడే పెరిగారు. కాబట్టి మీకు తెలిసినవాళ్ళు చెప్పలేకపోయిన ఇంటి సంగతులు చెబుతాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. అక్కడ నిజంగా భయపడాల్సినవి దోమ, రోడ్డు, సముద్రం. మిగతావన్నీ అలవాటు పడాల్సినవి. కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది దీన్ని తిరగేస్తారు. మనుషుల్ని చూసి భయపడి గేటు లోపలే ఉండిపోతారు, దోమను మాత్రం మన ఊళ్ళో చూడనిదా అని తేలిగ్గా తీసుకుంటారు. నేనూ మొదటి ఆరు నెలలు అచ్చంగా అలాగే ఉన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దోమ సంగతి. టాంజానియాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం మలేరియా. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఇది గంటల్లో ముదిరిపోగలదు. ఇండియాలో పుట్టి పెరిగాం, దోమకాటు మనకు అలవాటే అనుకోవద్దు. ఆ అలవాటు ఈ జబ్బు నుంచి కాపాడదు. మలేరియా దోమ పొద్దుగూకాక మొదలుపెట్టి తెల్లారేదాకా కుడుతుంది. డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది. దార్‌లో 2014లోనూ 2019లోనూ డెంగ్యూ గట్టిగా వచ్చింది. అంటే రాత్రి దోమతెర ఒక్కటే చాలదు, పగలు కూడా కాళ్ళూ చేతులూ చూసుకోవాలి.

మా ఇంట్లో సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి కిటికీలూ తలుపులూ మూసేవాళ్ళం. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఏడాది పొడవునా ఇంచుమించు ఆరుంబావూ ఆరూముప్పావూ మధ్యే పొద్దుపోతుంది, సంధ్యవేళ ఎక్కువసేపు ఉండదు. ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచేలోపే చీకటి పడుతుంది. ఆటల నుంచి రాగానే స్నానం, తర్వాత పొడుగు చేతుల పల్చటి నూలు చొక్కా, పొడుగు పైజమా. మంచానికి మందు పట్టించిన దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపాలి. ఊరికే వేలాడదీస్తే నిద్రలో పిల్లాడి చెయ్యి తెరకు ఆనుకుంటుంది, దోమ బయటినుంచే కుడుతుంది. నెలకోసారి తెరను వెలుతురుకు పట్టి చిల్లులు చూసి కుట్టేదాన్ని. పూలకుండీల కింద పళ్ళాలు, ఏసీ నీళ్ళు కారే బకెట్, వాడని బాత్రూము బకెట్ వారానికోసారి ఒంపేయాలి. డెంగ్యూ దోమ పెరిగేది మన ఇంటి శుభ్రమైన నీళ్ళలోనే.

ఇక జ్వరం. ఇక్కడ నా మాట తప్పకుండా వినండి. అక్కడ ఉన్నంతకాలం పిల్లలకు జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి. జలుబు, పళ్ళు వస్తున్నాయి, ఎండలో ఆడాడు అని మనకు మనం సర్దిచెప్పుకోకూడదు. వేలి మీద చిన్న పోటు పొడిచి ఒక్క రక్తపు చుక్క తీస్తారు, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించాలి. పరీక్ష లేకుండా మలేరియా మాత్రలు ఇంట్లోనే వేసేయడం అక్కడ చాలామందికి అలవాటు, మీరు మాత్రం ఆ పని చేయొద్దు.

మా బాబుకు మూడేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఒళ్ళు కాలింది. పారాసెటమాల్ వేస్తే తగ్గింది, రాత్రి బాగానే పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి మెడ వాల్చేసి మాటకు పలకడం మానేశాడు. ఆస్పత్రికి పరిగెత్తాం, మలేరియా అని తేలింది. తొలిదశలోనే దొరికింది కాబట్టి నోటి మందుతోనే తగ్గింది. మూడు రోజుల్లో ఆరు మోతాదులు, ప్రతి మోతాదూ పాలతోనో కాస్త కొవ్వున్న తిండితోనో వేయమన్నారు, అలా అయితేనే ఆ మందు ఒంటికి పడుతుందట. పిల్లాడు వారానికల్లా ఆడుకున్నాడు. ఆ పోగొట్టుకున్న పూట మాత్రం నాకు ఇప్పటికీ గుండెల్లో ముల్లే.

ఇంకోటి, సెలవులకు ఇండియా వచ్చాక జ్వరం వస్తే డాక్టరుకు మొట్టమొదట చెప్పాల్సింది ఆఫ్రికా నుంచి వచ్చామనే. కుట్టిన తర్వాత కనీసం వారానికి, ఒక్కోసారి నెలల తర్వాత కూడా ఇది బయటపడుతుంది. ఒకసారి మావారికి ఊళ్ళో జ్వరం వస్తే ఒక క్లినిక్‌లో వైరల్ అని రెండు రోజులు మందులిచ్చారు. మేమే పట్టుబట్టి రక్తం పరీక్ష చేయించాం. వెళ్ళేముందు పిల్లల డాక్టరును కలిసి ముందుజాగ్రత్త మాత్రలు మీ పిల్లల బరువుకు అవసరమా, ఎన్నాళ్ళు వాడాలి అని అడగండి. తర్వాత మీ అత్తగారో అమ్మగారో నెల రోజులకు చూడ్డానికి వస్తే వాళ్ళనూ అడిగించండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. నైరోబీలోనో ఆడిస్ అబాబాలోనో ఎక్కువసేపు ఆగి వెళ్ళే టికెట్ అయితే టీకా వేసినట్టు ఇచ్చే పసుప్పచ్చ కార్డు అడుగుతారు, పాస్‌పోర్టులోనే పెట్టుకోండి.

దోమ తర్వాత పిల్లలున్న ఇంట్లో తెలియాల్సింది మామిడి ఈగ గురించి. దీని సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. బయట ఆరేసిన తడి బట్టల మీద ఇది గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడుక్కుంటే పురుగు చర్మంలోకి దూరి సెగగడ్డలా లేస్తుంది, మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. దానికి మందు ఇస్త్రీ పెట్టే. పక్కదుప్పట్లు, తువ్వాళ్ళు, లోపలి బట్టలు, పసిపిల్లల గుడ్డలు, అన్నిటికీ రెండువైపులా, కుట్లమీదా, ఎలాస్టిక్ దగ్గరా వేడిగా ఇస్త్రీ చేయాలి. వానాకాలంలో ఇది ఎక్కువ. అలాంటి గడ్డ కనిపిస్తే నొక్కొద్దు, క్లినిక్‌కి తీసుకెళ్తే తేలిగ్గా తీసేస్తారు. ఎరుపూ నలుపూ పట్టీలతో చీమంత సన్నగా ఉండే ఇంకో పురుగు ఉంది, నైరోబీ ఫ్లై అంటారు. ఒంటిమీద వాలితే చరిచి చంపకూడదు, దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఊదేసి సబ్బుతో కడగాలి. ఈ రెండూ పాపకు కూడా నేర్పండి, ఆరేళ్ళ పిల్లకు అర్థమవుతాయి.

భయపెట్టే మాటలు ఇక్కడితో చాలు. వంటింటి దగ్గరికి రండి, అక్కడే మీ దిగులు సగం తీరిపోతుంది.

నేను మొదటిసారి కూరగాయల బజారుకు వెళ్ళినప్పుడు కట్టలు కట్టలుగా తోటకూర చూసి ఆగిపోయాను. వాళ్ళు దాన్ని మ్చిచా అంటారు, రోజూ వండుకుంటారు. బెండకాయ బామియా. చింతపండు ఉక్వాజు. మునగ చెట్టు మ్లోంగే. నువ్వులు ఉఫుటా. పెసలు చోరోకో, అలసందలు కుండే. కంది అయితే మ్బాజి, దాన్ని కొబ్బరిపాలలో ఉడికించి పొద్దున్నే మందాజి అనే తియ్యటి వేపుడు రొట్టెతో తింటారు. మన దేశం దిగుమతి చేసుకునే కందుల్లో కొన్ని ఈ నేలమీద, మన్యారా, లిండి, మ్త్వారా ప్రాంతాల్లో పండినవే. 2017లో మన ప్రభుత్వం కందుల దిగుమతికి పరిమితి పెట్టినప్పుడు అక్కడి రైతులకు ధర పడిపోయింది. మా వీధి చివర గింజలమ్మే ఆవిడ ఇంట్లో కంది చేను ఉండేది. మీ దేశం ఎందుకు కొనడం లేదని ఆవిడ నన్ను అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఒక దేశపు నిర్ణయం ఇంకో దేశంలో ఒక ఇంటి వంటగదిదాకా ఎలా వెళ్తుందో ఆ రోజు తెలిసింది.

అందువల్ల పిల్లలు తినే పప్పు, కూర, చారు ఏవీ మారవు. కందిపప్పు, మినపప్పు, ఇంగువ, కరివేపాకు ఉపాంగా, కిసుటు వైపు భారతీయుల దుకాణాల్లో ఉంటాయి. గుజరాతీలు అక్కడ తరతరాలుగా ఉన్నారు, కిసుటు వీధిలో గుళ్ళన్నీ వరసగా ఉంటాయి. మన సోనా మసూరి దొరుకుతుంది కానీ దిగుమతి సరుకు కాబట్టి ఖరీదు. ఆర్నెల్లకు మేము మ్బేయా ప్రాంతపు కియేలా బియ్యానికి మారాం. కాస్త మెత్తగా, మంచి వాసనగా ఉంటుంది, పెరుగన్నానికి చాలా బాగుంటుంది. నీళ్ళు కొంచెం తక్కువ పోయాలి. ఇడ్లీ పిండి అక్కడి వేడికి నాలుగైదు గంటల్లోనే పొంగుతుంది. మన శీతాకాలంలాగా రాత్రంతా బయట ఉంచితే పులిసిపోతుంది. కర్రపెండలం ఆకును కిసాంవు అని దంచి కూర చేస్తారు, చాలా రుచి. కానీ ఆ ఆకులో పచ్చిగా విషగుణం ఉంది, బాగా దంచి చాలాసేపు ఉడికించాలి. తెలిసినవాళ్ళు వండి చూపించేదాకా సొంతంగా ప్రయత్నించొద్దు.

ఆవకాయకు ఒక తిరకాసు ఉంది. దక్షిణార్ధగోళం కాబట్టి మామిడికాయలు నవంబరు నుంచి జనవరి దాకా వస్తాయి. మన వేసవిలో పెట్టే ఆవకాయ అక్కడ సంక్రాంతి రోజుల్లో పెట్టాలి. వులి అనే చిన్న వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, అవి వెళ్ళాక జనవరిలో బాగా ఎండ కాసే వారం చూసుకుని ముక్కలు కొట్టుకునేదాన్ని. వేపచెట్లు వీధుల్లోనే ఉంటాయి. స్వాహిలీలో వేపను మ్వారోబైని అంటారు, నలభై జబ్బులను నయం చేసేదట, అరోబైని అంటే నలభై. ఉగాదికి పువ్వు దొరకని ఏడాది లేత చిగుళ్ళతో సరిపెట్టుకున్నాం.

ఊరగాయలు తీసుకెళ్తుంటే ఒక జాగ్రత్త. 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, వచ్చే ప్రయాణికులకూ అది వర్తిస్తుంది. సీసాలకు చుట్టే కవర్లన్నీ తీసేసి తువ్వాళ్ళలో చుట్టండి. బజారుకు గుడ్డసంచులు నాలుగు పెట్టుకోండి.

తేమ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, డిసెంబరు నుంచి మార్చి దాకా ఉక్కపోత. బొంబాయిరవ్వ, శనగపిండి, ఎండుమిర్చి ఫ్రిజ్‌లో పెట్టకపోతే పురుగు పడతాయి, ఉప్పు నీరు కారుతుంది. మార్చి నుంచి మే దాకా మసికా అనే పెద్ద వానలు, అప్పుడు తోలు చెప్పులకు బూజు, పుస్తకాలకు బూజు. నా పెళ్ళి పట్టుచీర మొదటి మసికాలోనే బీరువాలో తెల్లమచ్చలు పడిపోయింది. పట్టుచీరలు ఇండియాలోనే మీ అమ్మగారి దగ్గర ఉంచండి. రెండు తీసుకెళ్ళినా నూలు గుడ్డలో చుట్టి నెలకోసారి నీడలో గాలికి ఆరేయండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మాత్రం వాతావరణం హాయిగా ఉంటుంది. పెద్దవాళ్ళు రావాలనుకుంటే ఆ నెలల్లోనే రమ్మనండి.

ఇప్పుడు మనుషుల సంగతి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మీరు పగలంతా ఒంటరిగా ఎలా అన్నారు కదా, దానికి నా జవాబు స్వాహిలీ. ఇంగ్లీషుతో ఆఫీసులు గడుస్తాయి, ఇల్లు గడవదు. స్వాహిలీ మనకు కష్టం కాదు. రాత ఇంగ్లీషు అక్షరాలే, రాసినట్టే పలుకుతారు, దాదాపు ప్రతి మాటా మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తుంది. వ్యాపారం కోసం వచ్చిన పడవలతోపాటు మాటలూ వచ్చాయి. రంగును రంగి అంటారు. లక్షను లకి అంటారు. సబ్బు సబుని. మందు దవా, మన దవాఖానాలో ఉన్న మాటే. పెన్ను కలాము. ఓడరేవును బందారి అంటారు, మన బందరు ఊరిపేరు కూడా ఆ మూలం నుంచి వచ్చినదే. మా పాప ఈ మాటలు ఏరుకొచ్చి పుస్తకంలో రాసుకునేది.

ఏ పనికైనా ముందు పలకరింపు ఉండాలి. దుకాణంలో నేరుగా టమాటాలు ఎంత అని అడిగితే అది మొరటుతనం. హబారి, అంటే ఏమిటి విశేషాలు అని అడిగి, వాళ్ళు చెప్పింది విని, ఇంట్లో ఎలా ఉన్నారని అడిగి, అప్పుడు టమాటాల దగ్గరికి రావాలి. మొదట్లో నాకు టైమ్ వృథా అనిపించేది. తర్వాత అర్థమైంది, మా తాతగారి ఊళ్ళో అరుగుమీద కూర్చున్నవాళ్ళు దారినపోయేవాళ్ళను పలకరించినట్టే ఇది. పెద్దవాళ్ళు కనిపిస్తే పిల్లలు షికమో అనాలి, వాళ్ళు మరహబా అని బదులిస్తారు. షికమో అంటే మీ పాదాలు పట్టుకుంటున్నాను అని అర్థం చెబుతారు. మీ పాపకు విమానం ఎక్కకముందే ఈ ఒక్క మాట నేర్పండి. లిఫ్టులో, గుడిదగ్గర, స్కూలుగేటు దగ్గర ఆ మాట అన్న పిల్లను వాళ్ళు సొంత మనవరాలిలా చూస్తారు. ఎవరైనా తూలిపడినా, బరువు మోస్తున్నా, ఇంట్లో ఎవరైనా పోయినా పోలె అంటారు. ఇంగ్లీషులో దానికి సరైన మాట లేదు, మన అయ్యో ఉంది.

అక్కడ తల్లిని పెద్దబిడ్డ పేరుతో పిలుస్తారు. మా పాప ముద్దుపేరు బుజ్జి, కాబట్టి నేను మామా బుజ్జిని. మావారు బాబా బుజ్జి. తొమ్మిదేళ్ళలో ఆ వీధిలో నా అసలు పేరు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

పనిమనిషి విషయంలో మనవాళ్ళ తీరు నాకు బాధగా ఉండేది. ఇంటి పనికి వచ్చే అమ్మాయిని దాదా అంటారు, దాని అర్థం అక్క. అలా పిలవాల్సినచోట వయసులో పెద్దావిడను కూడా గర్ల్ అని పిలవడం, వాచ్‌మన్‌ను బాయ్ అనడం, ఆమెకు వేరే గిన్నె పెట్టడం నేను చూశాను. మీరు అలా చేయొద్దు. కాగితం మీద ఒప్పందం, వారానికో రోజు సెలవు, నెల ఒకటో తారీకున జీతం, మనం తినేదే ఆమెకూ. మా దాదా మా బాబును ఏడేళ్ళు పెంచింది. నాకు స్వాహిలీ నేర్పిందీ ఆవిడే, జ్వరం ఒంటిమీద చెయ్యి వేసి పట్టేసిందీ ఆవిడే. మేము తిరిగి వచ్చేటప్పుడు రెండు కాంగాలు పెట్టింది. కాంగా అంటే జంటగా వచ్చే పెద్ద నూలు గుడ్డ, అంచున స్వాహిలీలో ఒక మాట అచ్చువేసి ఉంటుంది. వీటిమీద ఏం రాసి ఉందో చదువుకోకుండా ఎవరికీ కానుకివ్వకూడదు, కొన్నిటి మీద పొరుగువాళ్ళను ఎత్తిపొడిచే మాటలుంటాయి.

టైము చెప్పే పద్ధతి మొదటివారమే నేర్చుకోండి. స్వాహిలీలో గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్క. పొద్దున ఏడు గంటలు అంటే సా మోజా, అంటే ఒకటో గంట. తొమ్మిది అంటే సా తాతు, మూడో గంట. మా వంటింటి కొళాయి పాడైతే బాగుచేసే అతన్ని, అక్కడ ఇలాంటి పనివాళ్ళందర్నీ ఫుండి అంటారు, రమ్మన్నాను. సా తాతు అన్నాడు. నేను మూడింటికి అనుకుని పొద్దున్నే బజారుకు వెళ్ళిపోయాను. పాపం తొమ్మిదింటికి వచ్చి గేటు దగ్గర గంట కూర్చుని వెళ్ళాడు. చెప్పిన గంటకు ఆరు కలిపితే మన గంట వస్తుంది. మన ఘడియల లెక్క కూడా సూర్యోదయం నుంచే కదా, అలా గుర్తుపెట్టుకున్నాను. ఇండియాకన్నా అక్కడ రెండున్నర గంటలు వెనక. పిల్లలు స్కూలు నుంచి వచ్చి తిన్నాక అమ్మమ్మకు ఫోన్ చేయాలంటే సాయంత్రం ఐదులోపే చేయాలి. రాత్రి భోజనాలయ్యాక చేస్తే ఇండియాలో వాళ్ళు నిద్రలో ఉంటారు.

మీరు డిపెండెంట్ పాస్ మీద వెళ్తారు, దాని మీద ఉద్యోగం చేయకూడదు. ఇది చాలామంది చదువుకున్న ఆడవాళ్ళను లోలోపల కుంగదీస్తుంది, ముందే తెలిసి వెళ్ళండి. నాకు మూడో నెలలో ఏడుపు రాని రోజు లేదు. మావారికి ఆఫీసులో మనుషులు, పిల్లలకు స్కూల్లో మనుషులు, నాకు గోడలు. అప్పుడు రెండు పనులు మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులు దాదాతో కలిసి నడిచి బజారుకు వెళ్ళడం, ఆదివారాలు తెలుగువాళ్ళ పిల్లలకు మా ఇంట్లో తెలుగు చదవడం, రాయడం నేర్పడం. నలుగురు పిల్లలతో మొదలైంది, తర్వాత పద్నాలుగు మంది దాకా వచ్చారు. మా పిల్లలిద్దరూ ఇవాళ తెలుగు చదువుతున్నారంటే ఆ ఆదివారాల వల్లే. ఇంట్లో మీరిద్దరూ తెలుగులోనే మాట్లాడండి. రెండేళ్ళ బాబు తెలుగు, స్వాహిలీ, ఇంగ్లీషు మూడూ కలిపేసి మాట్లాడితే కంగారు పడొద్దు, మావాడు నాలుగో ఏట వేటికవే విడదీసుకున్నాడు.

రోడ్డు సంగతి చెప్పాలి. బండ్లు మనలాగే ఎడమవైపు. భుజానికి సంచి వేలాడదీసుకుని రోడ్డు అంచున నడవకండి, వెళ్తున్న బండిలోంచి లాక్కుపోతారు, సంచితోపాటు మనిషినీ ఈడుస్తారు. ఫోన్ చేతిలో పట్టుకుని బజాజి, అంటే ఆటో, బయట అంచున కూర్చోవద్దు. చీకటి పడ్డాక కాలినడక వద్దు. పిల్లలను తీసుకుని మోటార్‌సైకిల్ టాక్సీ, దాన్ని బోడాబోడా అంటారు, ఎంత దగ్గరైనా ఎక్కొద్దు. ఈ జాగ్రత్తలు పాటిస్తే పగలు ఊరంతా హాయిగా తిరగొచ్చు.

సముద్రం అందంగా ఉంటుంది కానీ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పొద్దున ఇసుకమేటగా ఉన్నచోట మధ్యాహ్నానికి తలమునిగే నీళ్ళుంటాయి. వెళ్ళేముందు పోటు ఎప్పుడో చూసుకోండి. రాళ్ళ దగ్గర ముళ్ళబంతుల్లాంటి సముద్రపు ఉర్చిన్లు ఉంటాయి, పిల్లలకు నీళ్ళలో కూడా రబ్బరు బూట్లు వేయండి. సెలవురోజున మ్బుద్యా దీవికి పడవలో తీసుకెళ్ళండి, నీళ్ళు అద్దంలా ఉంటాయి.

కరెంటు ముందే డబ్బు కట్టే మీటరు, లూకు అంటారు. ఎమ్-పెసాతో, అంటే ఫోన్‌లోనే డబ్బు కట్టే పద్ధతితో, కట్టగానే ఇరవై అంకెల నంబరు వస్తుంది, దాన్ని మీటర్లో నొక్కాలి. ఆదివారం రాత్రి అయిపోకుండా చూసుకోండి. కోతలు మేము ఉన్నప్పుడు బాగా ఉండేవి, 2024లో జూలియస్ న్యెరెరే జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాక తేరుకున్నారు. అయినా ఇన్వర్టర్ ఉన్న ఇల్లే చూడండి. నీళ్ళ ట్యాంకు, వాళ్ళు సిమ్‌ట్యాంక్ అంటారు, ఎంత పెద్దది ఉంటే అంత మేలు. బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఇల్లు చూసేటప్పుడు కొళాయి తిప్పి నోట్లో పోసుకుని చూసి ఉమ్మేయండి. తాగడానికి కాచిన నీళ్ళు, లేకపోతే క్యాన్ నీళ్ళు.

అద్దె ఆరు నెలలు, ఏడాది ఒక్కసారే ముందు అడుగుతారు, కంపెనీ ఇస్తుందా లేదా అని మీవారిని ఇప్పుడే తేల్చుకోమనండి. ఉపాంగాలో మనవాళ్ళ అపార్ట్‌మెంట్లు ఎక్కువ, గుళ్ళూ దుకాణాలూ ఆస్పత్రులూ దగ్గర. మసాకి, ఓయిస్టర్ బే విశాలంగా ఉంటాయి, అద్దె చాలా ఎక్కువ. మ్బెజి బీచ్‌లో తోట ఉన్న ఇల్లు దొరుకుతుంది కానీ ట్రాఫిక్‌లో పిల్లలు రోజుకు రెండు మూడు గంటలు బస్సులో గడుపుతారు. మసికా వానల్లో జంగ్వానీ దగ్గర మొరొగొరో రోడ్డు మునిగితే అటునుంచి ఇటు రావడమే కష్టం. అందుకే ముందు స్కూలు, తర్వాత ఇల్లు. సీబీఎస్ఈ బడులకు ఏప్రిల్‌లో, స్థానిక పద్ధతి బడులకు జనవరిలో, బ్రిటిష్ పద్ధతివాటికి సాధారణంగా సెప్టెంబరులో ఏడాది మొదలవుతుంది. మూడు నాలుగేళ్ళలో తిరిగి వచ్చే ఆలోచన ఉంటే సీబీఎస్ఈలో వేయడమే మంచిదని నా అభిప్రాయం. మా పాపను మొదట వేరే పద్ధతిలో వేసి, తిరిగి వచ్చేముందు మార్చి ఆ పిల్లను ఒక ఏడాది చాలా కష్టపెట్టాం.

మీ ప్రయాణం ఏ నెలలోనో, పాపకు ఏ స్కూల్లో సీటు ఖాయమైందో రాయండి. ఆ స్కూలు బస్సు ఏయే వీధుల్లోకి వస్తుందో చూసి, ఇల్లు ఏ వైపు వెతకాలో అప్పుడు చెబుతాను. ఈలోపు పిల్లల మంచాల కొలతలు తీసుకుని మందు పట్టించిన దోమతెరలు రెండు ఇక్కడే కొని మొదటి పెట్టెలో పైన పెట్టుకోండి. దిగిన మొదటి రాత్రే అవి కావాలి.